జడలో పువ్వు, చిత్రంలో దశ

కర్నూలు జిల్లా పడమటి భాగంలోని ఆదోనిని పత్తి వ్యాపారంతోను, దాని ఇరుగుపొరుగున ఉన్న ఎమ్మిగనూరును చేనేతతోను గుర్తుపట్టేవారే ఎక్కువ గాని, దక్కని చిత్రకళా చరిత్రలో ఆదోనికి ఒక స్థానం ఉందన్న సంగతి ఆ ప్రాంతపు పాఠకులలోనే చాలామందికి చేరలేదు. బీజాపూరు ఆదిల్‌షాహీ రాజ్యం అస్తమిస్తున్న రోజులలో ఈ కోటను ఏలిన సిద్ది మసూద్ ఖాన్ ఆఫ్రికా మూలాలు గల హబ్షీ ప్రభువర్గానికి చెందినవాడు. పసివాడైన సికందర్ ఆదిల్‌షాకు సంరక్షకుడుగా కొంతకాలం రాజ్యభారం మోసి, తరువాత ఆదోనికి వచ్చి స్థిరపడ్డాడు. ఊరిలోని షాహీ జామియా మసీదు ఆయన కట్టించినదే. చిత్రాలమీద మక్కువ గల ప్రభువుగా కూడా ఆయనను కళాచరిత్రకారులు పేర్కొంటారు. 1686లో బీజాపూరు, 1687లో గోల్కొండ మొగలుల వశమైన తరువాత ఆదోని కూడా లొంగిపోయింది. మొగలు కొలువులో దక్కను యుద్ధాలకు వచ్చి ఇక్కడ అధికారం నెరపిన బికానేరు మహారాజు అనూప్‌సింగ్ 1698లో ఆదోనిలోనే కన్నుమూశాడు. గ్రంథాలను, చిత్రాలను ప్రాణప్రదంగా సేకరించిన ఆ రాజు మూలంగా దక్కను బొమ్మలు అనేకం రాజస్థాన్‌లోని బికానేరు సంగ్రహానికి చేరాయి, వాటిలో ఆదోని నుంచి తరలినవి కూడా ఉన్నాయి.

దక్కని చిత్రాలలో స్త్రీమూర్తి కనిపించిన చోటల్లా ఏదో ఒక రూపంలో పువ్వు కూడా కనిపిస్తుంది. ఆమె చేతిలో ఒక రెమ్మగానో, కొప్పు చుట్టూ దండగానో, పాదాల దగ్గర పూచిన పొదగానో, పడక మీద చల్లిన రేకులుగానో అది ఉంటుంది. స్త్రీ జీవితాన్ని దశలుగా చూపిన చిత్రాలలో పువ్వు ఏమి చెబుతుందన్న ప్రశ్నకు ప్రపంచ కళాచరిత్ర ఇచ్చే సమాధానం ఒకటి, తెలుగు నేల ఇచ్చే సమాధానం మరొకటి. ఈ రెండింటినీ కలిపివేసి చదివితే మన చిత్రాలు మనకే తప్పుగా అర్థమవుతాయి.

ముందుగా పడమటి దేశాల పద్ధతిని చూడాలి. ఆస్ట్రియా చిత్రకారుడు గుస్తావ్ క్లిమ్ట్ 1905లో గీసిన ‘స్త్రీ మూడు వయసులు’ అన్న తైలవర్ణ చిత్రం ఇప్పుడు రోము నగరంలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఉంది. అందులో నిద్రపోతున్న పసిపాపను గుండెకు హత్తుకున్న యువతి తలలో చిన్న చిన్న పువ్వులు మెరుస్తుండగా, పక్కనే నిలబడిన వృద్ధురాలు తల వంచుకొని, నెరిసిన జుట్టు ముఖాన్ని కప్పివేయగా, ఏ అలంకారమూ లేకుండా ఉంటుంది. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ 1899, 1900 సంవత్సరాలలో గీసిన ‘జీవన నృత్యం’ చిత్రంలోనైతే తెల్లని దుస్తులలో ఉన్న అమ్మాయి పూస్తున్న మొక్క వైపు చేయి చాపుతుంది, నడుమ ఎర్రని దుస్తులలో ఉన్న స్త్రీ పురుషునితో నాట్యం చేస్తుంది, నల్లని దుస్తులలో ఉన్న మూడవ స్త్రీ చేతులు ముడుచుకొని ఒంటరిగా చూస్తూ ఉంటుంది. రెండు చిత్రాలలోనూ పువ్వు వయసుకు గుర్తు. యౌవనంతో వస్తుంది, యౌవనంతో పోతుంది. మొగ్గ, పువ్వు, వాడిన రేకు అన్న వరుసను స్త్రీ శరీరానికి అన్వయించడం ఆ సంప్రదాయంలో తరతరాలుగా స్థిరపడిన ఆలోచన.

భారతీయ అలంకారశాస్త్రం, అంటే కావ్యానికి అందం ఎలా కలుగుతుందో వివరించే శాస్త్రం, స్త్రీ దశలను మరొక విధంగా లెక్కించింది. వయసును బట్టి బాల, తరుణి, ప్రౌఢ, వృద్ధ అని నాలుగుగా విభజించిన గ్రంథాలు ఉన్నమాట నిజమే అయినా, చిత్రకారులను ఎక్కువగా ప్రభావితం చేసినది ముగ్ధ, మధ్య, ప్రగల్భ అన్న విభజన. ప్రేమానుభవం కొత్తదై సిగ్గు మాత్రమే తెలిసినది ముగ్ధ. సిగ్గు, కోరిక రెండూ సమానంగా ఉన్నది మధ్య. తన మనసు తనకు తెలిసి దానిని దాచుకోనవసరం లేనిది ప్రగల్భ, దీనినే తెలుగు లాక్షణికులు ప్రౌఢ అని కూడా అన్నారు. భానుదత్తుని ‘రసమంజరి’ ఈ నాయికా భేదాలను, అంటే కథానాయికలలోని రకాలను, విస్తరించి చెప్పగా, దానిని విమర్శిస్తూ గోల్కొండ రాజ్యంలో అక్బర్ షా పేరుమీద ‘శృంగారమంజరి’ వెలువడింది. ఈ గ్రంథం మొదట తెలుగులో పుట్టి తరువాత సంస్కృతంలోకి వెళ్లింది. దాని సంస్కృత పాఠాన్ని వి. రాఘవన్ పరిష్కరించగా 1951లో హైదరాబాదులో అచ్చయింది. ముస్లిం సూఫీ కుటుంబానికి చెందిన పెద్ద పేరుమీద, తెలుగు భాషలో, సంస్కృత శాస్త్రాన్ని ప్రశ్నించే గ్రంథం రావడం ఆనాటి దక్కను ఎంత విశాలమైన లోకమో చూపుతుంది. ఆదోని చిత్రాలు కూడా ఆ లోకంలోనివే.

ఈ నాయికల చిత్రాలలో పువ్వు వయసును చెప్పదు, మనఃస్థితిని చెబుతుంది. ప్రియుడు వస్తాడని పడకగదిని సిద్ధం చేసుకొనే వాసకసజ్జిక పాన్పు మీద పూలు పరుస్తుంది. చెప్పిన చోటికి అతడు రాకపోగా మోసపోయిన విప్రలబ్ధ ఒంటిమీది దండలను తీసి పారవేస్తుంది. వెన్నెల రాత్రి ఎవరి కంటా పడకుండా ప్రియుని దగ్గరకు వెళ్లే శుక్లాభిసారిక తెల్లని చీర కట్టి మల్లెలు ముడుచుకొని వెన్నెలలో కలిసిపోతుంది. పాన్పు మీది మల్లె ఆశ అయితే, నేల మీద పడిన మల్లె ఆశాభంగం. పువ్వు జాతి కంటే అది ఉన్న చోటు ముఖ్యమన్న సూక్ష్మం ఇక్కడ ఉంది. దీనిని గ్రహించని వీక్షకుడు ప్రతి పువ్వునూ అందానికి గుర్తుగానే తీసుకొని దాటిపోతాడు.

రాగమాల చిత్రాలలో ఇదే పద్ధతి మరింత నిగూఢంగా కనిపిస్తుంది. ఒక్కొక్క రాగాన్ని ఒక్కొక్క పురుషునిగా, అతని భార్యలైన రాగిణులను స్త్రీలుగా ఊహించి గీసిన బొమ్మల వరుసను రాగమాల అంటారు. 1590 ప్రాంతంలో ఉత్తర దక్కనులో గీసినవిగా పండితులు భావించే ప్రసిద్ధ రాగమాల చిత్రాలలో కొన్ని బికానేరు సంగ్రహం నుంచి వెలుగు చూసినవే. రాగమాలలలో లలిత రాగిణిని తెల్లవారుజామున నిద్రపోతున్న స్త్రీగా చూపుతారు. ఆమెను విడిచి గది దాటుతున్న ప్రియుని చేతులలో పూలదండలు ఉంటాయి. రాత్రి ఆమె పక్కన ఉన్న పూలు ఇప్పుడు అతనితో వెళ్లిపోతున్నాయి. వియోగమన్న మాటను ముఖాలలో ఏ దుఃఖమూ గీయకుండా, దండ ఎవరి చేతిలో ఉన్నదన్న ఒక్క వివరంతో చెప్పగలగడం ఆ చిత్రకారుల గొప్పతనం.

ఈ చిత్రాలలోని పూలను పోల్చుకొనేటప్పుడు నేటి పూలబజారును మనసులో ఉంచుకోరాదు. ఆదోని అంగళ్లలో గుట్టలుగా కనిపించే నారింజ రంగు బంతి అమెరికా ఖండం నుంచి సముద్రం దాటి వచ్చిన పువ్వు. 16వ శతాబ్దపు బొమ్మలో నారింజ రంగు పువ్వు కనిపించినంత మాత్రాన అది బంతి అని తేల్చడానికి వీలులేదు. తామర, నల్లకలువ, అశోకం, మామిడిపూత, మల్లె అనే అయిదూ మన్మథుని బాణాలుగా కావ్యాలలో ప్రసిద్ధం కనుక చిత్రకారుని చేతికి మొదట తగిలేవి అవే. అశోకానికి మరొక కథ కూడా ఉంది. పడుచు పిల్ల కాలితో తాకితే అశోకం పూస్తుందన్న కవిసమయాన్ని, అంటే కవులందరూ అంగీకరించి వాడుకొనే ఊహను, దోహదం అంటారు. గర్భవతికి కలిగే కోరికలకు కూడా ఇదే పేరు. చెట్టు పూతకు, కడుపు పంటకు మధ్య ఆ కాలపు మనసు ఎంత దగ్గరి చుట్టరికాన్ని చూసిందో దీనివల్ల అర్థమవుతుంది. కాళిదాసు ‘మాళవికాగ్నిమిత్రం’ నాటకంలో కథను నడిపించేది ఈ అశోక దోహదమే.

దక్కని చిత్రాలన్నింటిలో పువ్వును అత్యంత విచిత్రంగా వాడినది ‘మైనాతో యోగిని’. బీజాపూరును ఏలిన ఇబ్రహీం ఆదిల్‌షా రెండవవాని కాలంలో, 17వ శతాబ్దపు తొలి ఏళ్లలో గీసిన ఈ చిత్రం ఇప్పుడు ఐర్లండు రాజధాని డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. జుట్టును నడినెత్తిన ముడివేసుకొని, నగలు ధరించి, చేతిమీద మైనా పిట్టను నిలుపుకొని దానితో మాట్లాడుతున్నట్టున్న ఆ సన్న్యాసినికి రెండు పక్కలా, చైనా కళలోని పువ్వులను తలపించే పెద్ద పెద్ద పూలు నేలలోంచి లేచి ఆమె ఎత్తుకు పోటీపడుతుంటాయి. వెనుక చాలా దూరంలో, కొండమీద, తెల్లని రాజభవనం చిన్నదిగా కనిపిస్తుంది. ఆమె కన్యా, ఇల్లాలా, వితంతువా అన్న ప్రశ్నకు చిత్రంలో జవాబు లేదు. ఇంటిని వెనుక వదిలిన స్త్రీకి ఏ దశ వర్తించదు కనుక, ఆమెకు పువ్వు పెట్టే హక్కు గాని తీసే హక్కు గాని ఎవరికీ లేదని చిత్రకారుడు చెప్పదలచినట్టు ఆ పూలు ఎవరూ కోయకుండా, కట్టకుండా, వాటంతట అవే పూచి ఉన్నాయి. చిత్రకారుని ఉద్దేశం ఇంతేనని ఎవరూ రుజువు చేయలేరు గాని, స్త్రీకి పువ్వుతో ఉన్న సంబంధాన్ని ఇంత స్వేచ్ఛగా ఊహించిన మరొక బొమ్మ దక్కనులో కనిపించదు.

ఆ స్వేచ్ఛ ఎంతటిదో అర్థం కావాలంటే తెలుగింటి ఆచారంలో పువ్వుకు ఉన్న కట్టుబాట్లు తెలియాలి. పశ్చిమ కర్నూలు పల్లెలలో గాని, ఆదోని, ఎమ్మిగనూరు వీధులలో గాని ఆడపిల్లకు పువ్వు పరిచయం నడక నేర్చిన నాడే మొదలవుతుంది; అందీ అందని జుట్టుకు పిలక వేసి అందులో ఒక కనకాంబరమో గులాబీయో గుచ్చుతారు. వేసవిలో మల్లెలు దిగినప్పుడు పిల్లకు పూలజడ వేస్తారు. విచ్చని మొగ్గలను ఏరి, సూదిదారంతో జడ పొడవునా వరుసలు తీర్చి, నడుమ కనకాంబరాలు, మరువం, అంచులకు మొగలిరేకులు కూర్చి కుట్టే ఈ జడకు ఇంటి ఆడవారు ఒక పూట కష్టపడతారు. మొగ్గలనే వాడడానికి కారణం అవి సాయంత్రానికి జడమీదే విచ్చుకుంటాయి. తరువాత ఫొటో స్టూడియోలో వెనుక నిలువుటద్దం పెట్టి, ముఖమూ జడా రెండూ పడేటట్టు ఫొటో తీయించడం కొన్ని తరాలపాటు తెలుగు కుటుంబాలలో తప్పనిసరి ముచ్చటగా నడిచింది. ఒకే బొమ్మలో మనిషిని ముందునుంచీ వెనుకనుంచీ చూపాలన్న ఆ ఆలోచన చిత్రకళ దృష్టితో చూసినా మెచ్చుకోదగినదే.

పిల్ల పెద్దమనిషి అయినప్పుడు మళ్లీ పూలజడ వేసి ముత్తైదువలను పిలుస్తారు. సంస్కృతంలో ఆ దశను పొందిన పిల్లను పుష్పవతి అనే అంటారు. సంబంధం కుదిరితే వరుని తరపువారు వచ్చి పూలు, పండ్లు పెట్టి పిల్లను తమదిగా ఖాయం చేసుకుంటారు. పెళ్లిలో దండలు మారతాయి. పట్టణంలోని ముస్లిం ఇళ్లలోనైతే పెళ్లి వేళ ముఖానికి అడ్డుగా వేలాడే పూలతెర, అంటే సెహ్రా, ఆ చోటును తీసుకుంటుంది. కడుపుతో ఉన్న కోడలికి పూలు ముడిచే వేడుక చేసి, గాజులు తొడిగి, ఒడి నింపుతారు. ఇంతవరకు చూస్తే ఇది కూడా మొగ్గ, పువ్వు, పండు అన్న ప్రకృతి వరుసలాగే కనిపిస్తుంది, క్లిమ్ట్ చిత్రానికి దీనికి పెద్ద తేడా లేదనిపిస్తుంది.

తేడా ఆ తరువాత మొదలవుతుంది. భర్త బతికి ఉన్న డెబ్బై ఏళ్ల ముత్తైదువ నెరిసిన కొప్పులో మూరెడు మల్లెలు పెట్టుకొని పేరంటానికి వెళితే ఎవరూ ఆశ్చర్యపోరు, పైగా పడుచుపిల్లలు ఆమె కాళ్లకు పసుపు రాసి దీవెన తీసుకుంటారు. భర్తకంటే ముందు పోయిన స్త్రీని పుణ్యస్త్రీ అని పిలిచి, తలనిండా పూలు పెట్టి, కుంకుమ దిద్ది సాగనంపుతారు. పదహారేళ్లకే భర్తను పోగొట్టుకొన్న పిల్ల తలలో మాత్రం పువ్వు ఉండరాదన్నారు. కర్మకాండ రోజులలో ఆమెకు కడసారిగా పసుపు పూసి, పూలు పెట్టి, గాజులు తొడిగి, నలుగురి ఎదుట వాటిని తీసివేసే క్రూరమైన ఆచారం తెలుగునాట ఎన్నో కులాలలో సాగింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మారుమనువు ఆనవాయితీగా ఉన్న కులాలలో ఈ కట్టు కొంత సడలి ఉండేది గాని, పేరంటపు పిలుపు విషయంలో అక్కడా వివక్ష తప్పలేదు. కాబట్టి తెలుగు చిత్రంలో పువ్వును వయసుకు గుర్తుగా చదవడం పొరపాటు. అది ఆ స్త్రీ భర్త ఉన్నాడా లేడా అన్న సంగతికి గుర్తు. ఐరోపా చిత్రకారుడు పువ్వును కాలం తీసుకుపోయినట్టు చూపాడు. ఇక్కడ దానిని తీసుకున్నది సమాజం.

సంస్కర్తలు పోరాడినది సరిగ్గా ఈ చోటనే. వితంతు పునర్వివాహాలకు చట్టం 1856లోనే వచ్చినా, తెలుగు నేలమీద కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించడానికి 1881 డిసెంబరు 11 వరకు ఆగవలసివచ్చింది. పువ్వులు, బొట్టు, గాజులు పుట్టింట చిన్ననాడే వచ్చినవి, మంగళసూత్రం, మెట్టెలవలె భర్త వల్ల వచ్చినవి కావు, అటువంటప్పుడు అతనితోపాటు అవి ఎందుకు పోవాలన్న వాదం తెలుగు స్త్రీల నోట ఈనాటికీ వినిపిస్తుంది. పిలకలో గుచ్చిన ఆ మొదటి కనకాంబరమే ఈ వాదానికి సాక్ష్యం. ఇంతకంటే బలమైన తర్కం వేరొకటి అవసరం లేదు.

చిత్రకారులు ఈ విషయంలో ఏమి చేశారన్నది విచారకరమైన ప్రశ్న. 16వ శతాబ్దంలో విజయనగర రాజు అచ్యుతరాయల కాలంలో లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు మీద గీసిన పెళ్లి ఘట్టాలలో పార్వతిని చెలికత్తెలు సింగారిస్తారు. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు, 1897లో పుట్టి 1925లో ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే వెళ్లిపోయిన ఆ మహా చిత్రకారుడు, తన ప్రసిద్ధ చిత్రాలలో ఒకదానికి పుష్పాలంకారాన్నే వస్తువుగా తీసుకున్నాడు. పత్రికల ముఖచిత్రాల ద్వారా ఇంటింటికీ చేరిన వడ్డాది పాపయ్య ఋతువులను, రాగాలను, పురాణ స్త్రీలను పూలతో నింపాడు. వీరి కుంచెలలోని సౌందర్యం వాదనకు అతీతమైనది. అయినా ఈ పరంపర అంతటిలో స్త్రీ కన్యగానో, వధువుగానో, విరహిణిగానో కనిపించినంతగా ముసలిదిగాను, పువ్వు తీసివేయబడినదిగాను కనిపించదు. వీరేశలింగం వివాహం జరిపించిన పట్టణంలోనే పుష్పాలంకార చిత్రం కూడా పుట్టింది. ఒకే ఊరిలో పువ్వు వైభవమూ పువ్వు మీది అన్యాయమూ రెండూ చర్చకు వచ్చినా, అవి ఒకే చట్రంలోకి మాత్రం రాలేదు.

ఆదోనికి ఈ లోటును పూరించగల అర్హత ఉంది. ఆ పట్టణం భక్తితో కొలిచే మహాయోగి లక్ష్మమ్మను జనం ‘అవ్వ’ అనే పిలుస్తారు. ఏటా జరిగే ఆమె రథోత్సవానికి చుట్టుపక్కల పల్లెలన్నీ కదలివస్తాయి, రథానికీ విగ్రహానికీ పూలు కప్పుతారు. దక్కని చిత్రకారుడు ఊహలో గీసిన యోగినికి, అంటే ఇల్లాలి దశలన్నీ దాటిన స్త్రీకి, ఈ నేలమీద ప్రజలు గుడి కట్టి పూలు సమర్పించారన్నమాట. భర్త ఉన్నాడా అని అడగకుండా ఒక అవ్వకు పువ్వు పెట్టగల ఊరు, తన ఇళ్లలోని అవ్వలకు ఆ పువ్వును నిరాకరించడానికి కారణమేమీ లేదు.

స్త్రీ జీవిత దశలను నేడు గీయదలచిన తెలుగు చిత్రకారులు, ముఖ్యంగా ఈ ప్రాంతపు పాఠశాలలలో చిత్రలేఖనం నేర్పే ఉపాధ్యాయులు, మొగ్గ, పువ్వు, వాడిన రేకు అన్న అరువు తెచ్చుకొన్న వరుసను పక్కనపెట్టి పిలకలోని కనకాంబరాన్ని, పూలజడను, ముత్తైదువ కొప్పును, ఖాళీ చేసిన కొప్పును, అవ్వ రథం మీది దండను ఒకే చిత్రంలో నిలపాలి. ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం 1938 నుంచి నడుస్తున్నది కనుక అటువంటి బొమ్మకు మగ్గం మీద కూడా చోటు దొరకవచ్చు. పాఠకులు చేయవలసిన పని ఇంతకంటే సులభమైనది. ఇంట్లో నిలువుటద్దం ముందు తీయించిన పూలజడ ఫొటోలు ఉంటే, వాటి వెనుక ఆ మనిషి పేరు, ఏడు, ఊరు, జడలో ఏ ఏ పూలు ఉన్నవో రాసిపెట్టాలి. ఆ వివరాలు చెప్పగలిగినవారు ఇంకా బతికి ఉండగానే అడిగి రాసుకోవాలి.